సలహాకు ముందు సాక్ష్యం

ప్రార్థన జరుగుతుండగా మౌంట్ హెర్మోన్ చర్చి తలుపు దాటి లోపలికి అడుగుపెట్టిన మొనగాడు నలభై ఒక్క ఏళ్లలో ఒక్కడూ లేడు. ఆ తలుపు దగ్గర అమోస్ గిలియార్డ్ ఉంటాడు మరి. ఎడమ పిడికిలి బిగించి నడుము వెనక ఆనించి, తెల్ల తొడుగు వేసుకున్న కుడి అరచేతిని ఎత్తి చూపించాడంటే ఎంతటివాడైనా అక్కడే ఆగాలి. ఒకసారి ఓట్ల కాలంలో ఊరి మేయరు ఫొటోలు తీసేవాణ్ణి వెంటబెట్టుకుని ఆలస్యంగా వచ్చాడు. పాస్టరుగారి ప్రార్థన పొడుగు అతనికి తెలియదు పాపం. కోటు చంకలు తడిసేదాకా అమెరికాలోని జార్జియా ఎండలో నిలబడ్డాడు. ఇంకోసారి అమోస్ ఏకంగా పెళ్లికూతురినే ఆపేశాడు. ఆమె తల్లి ఇప్పటికీ అతను ఎదురైతే మూతి తిప్పుకుని పోతుంది. పోతే పోనీ. దేవుడితో మాట్లాడుతున్నవాళ్ల మధ్యలోంచి నడిచివెళ్లడం మర్యాద కాదని అమోస్ నమ్మకం, అది పెళ్లికూతుళ్ల కోసం మారేది కాదు.

ఆ నల్లవాళ్ల చర్చిలో ద్వారపాలకుడంటే తలుపు తీసి వేసే మనిషని ఎవరైనా అనుకుంటే వాళ్ల ఖర్మ. సేవలో ఉన్నంతసేపూ నోరు విప్పకూడదు. అన్నీ సైగలే. రెండు వేళ్లు చూపిస్తే రెండు చోట్లు ఖాళీ ఉన్నాయని, మోచేతిని తాకితే విసనకర్రలు కావాలని అర్థం. పనిలేని చెయ్యి నడుము వెనక్కి పోవాలి. ఇది తాతల నాటి పద్ధతి. స్కూలు బస్సులు బాగుచేసే షెడ్డులో ముప్పై మూడేళ్లు పనిచేసిన అమోస్‌ను, అక్కడి తెల్లవాళ్లు పేరు పెట్టి పిలవడానికే పదేళ్లు పట్టింది. అంతదాకా "ఒరేయ్ అబ్బీ" అనేవాళ్లు. ఆదివారం తొడుగులు వేసుకున్నాక మాత్రం అతను చెయ్యెత్తితే ఆగనివాడు లేడు. అందుకే అరవై తొమ్మిదేళ్లొచ్చినా ఆ చోటు ఇంకొకరికి వదల్లేదు.

మే నెల మొదటి ఆదివారం ఒకడు ఆగలేదు.

ఆ రోజు ప్రార్థన మొదలయ్యాక తలుపులు మూసి, అమోస్ బయట మెట్లమీద నిలబడ్డాడు. పోలీసు కారొకటి వచ్చి ఆగింది. ఎవరినో తరుముకుంటూ వచ్చిన కుర్ర పోలీసు, చర్చిలోకి వెళ్లి వెతకాలన్నాడు. అమోస్ అలవాటు చొప్పున అరచెయ్యి ఎత్తాడు. రెండో చెయ్యి వెనకే ఉంది. ఆ పోలీసు తుపాకీ తీశాడు.

ఎదురింటి ఓలా బెల్ కిటికీలోంచి చూసింది అంతవరకే. తుపాకీ కనబడగానే ఆమె కొడుక్కి ఫోన్ చెయ్యడానికి లోపలికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి కారు లేదు. అమోస్ ఎప్పటిలాగే ఒక చెయ్యి వెనక పెట్టుకుని మెట్లమీద నిలబడి ఉన్నాడు. చూసింది సగం, మిగతా సగం ఆమే అల్లుకుంది. తుపాకీ గురిపెట్టినా అమోస్ రెప్ప వెయ్యలేదని, ఆమెన్ అనేదాకా పోలీసును గుమ్మం బయటే నిలబెట్టాడని సాయంత్రానికల్లా ఊరంతా చెప్పుకున్నారు. ఛాతీమీద పెట్టుకునే కెమెరాకు ఆ రోజే బ్యాటరీ అయిపోయిందని పోలీసులు చెప్పారు. ఆ కెమెరాల బ్యాటరీలు ఎప్పుడు అయిపోవాలో వాటికి బాగా తెలుసు.

అమోస్ అవుననలేదు, కాదనలేదు. నాలుగు రోజులు పోతే జనం మరిచిపోతారనుకున్నాడు. జనం మరవలేదు సరికదా, చొక్కాలు వేయించారు. నల్ల బనియను మీద ఎత్తిన తెల్ల అరచెయ్యి బొమ్మ, కింద "అమోస్ కదల్లేదు" అని అక్షరాలు. వేయించినవాడు క్వెంటిన్ మేస్. ఇరవై నాలుగేళ్లవాడు, టైర్ల గోదాములో పని, ద్వారపాలకుల్లో అందరికంటే చిన్న. అమోస్‌కూ ఒకటి తెచ్చిచ్చాడు. అది పొట్టదగ్గర బిగుతైంది.

చొక్కాలతో ఆగినా బాగుండేది. ఆ కుర్ర పోలీసు ప్రతి ఆదివారం చర్చి ముందునుంచి కారు మెల్లగా నడుపుకుంటూ పోవడం మొదలుపెట్టాడు. క్వెంటిన్ ప్రతి ఆదివారం మెట్లమీది చోటు తనకే కావాలని అడిగి తీసుకోవడం మొదలుపెట్టాడు. కిందటి ఆదివారం కారు ఆగింది. దిగేవాడూ లేడు, లోపలికి వస్తాననేవాడూ లేడు. అయినా క్వెంటిన్ ఎడమ పిడికిలి వెనక్కి పెట్టి, కుడి అరచెయ్యి కారు అద్దానికేసి ఎత్తి, అది కదిలేదాకా అలాగే నిలబడ్డాడు. లోపలి కిటికీలోంచి అమోస్ అదంతా చూశాడు. ఆ కుర్రాడు నిలబడుతున్నది తనను చూసి. తను నిలబడలేదని వాడికి తెలియదు.

జూన్ మూడో శనివారం పొద్దున అమోస్ బూట్లకు పాలిష్ పెట్టుకుంటున్నాడు. ఆ పూట చర్చి కింది హాల్లో మగవాళ్ల ఫలహారం. భార్య మోజెల్ వంటింటి బల్లదగ్గర కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"ఆ బూటుకి ఇంకా ఎంతసేపు రాస్తావయ్యా? తోలు ఊడొస్తుంది," అంది.

"క్వెంటిన్ గురించి ఆలోచిస్తున్నా."

"ఆలోచిస్తే వాడికేం తెలుస్తుంది? నోటితో చెప్పాలి."

అమోస్ బ్రష్ ఆపాడు. "ఏం చెప్పాలి?"

"మే నెల మొదటి ఆదివారం నువ్వు ఇంటికొచ్చాక నీ తెల్ల ప్యాంటు ఎవరు ఉతికారు?" మోజెల్ తల ఎత్తకుండానే అడిగింది. "రెండు మోకాళ్లమీదా ఎర్రమన్ను. నిమ్మరసం పెట్టి మూడు నీళ్లలో నానబెట్టా. నలభై ఆరేళ్లనుంచి నీ బట్టలు ఉతుకుతున్నా. నిలబడ్డ మనిషి ప్యాంటుకి మోకాళ్లదగ్గర మన్ను అంటుకోదని నాకు తెలియదా?"

ఆరు వారాలు. ఆరు వారాలనుంచి ఈమెకు తెలుసు, ఒక్క ముక్క అనలేదు. అమోస్‌కు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గు వచ్చింది, ఆ వెనకాలే ఈమెను చేసుకోవడం తన జీవితంలో చేసిన తెలివైన పని అన్న పాత ఆలోచన మళ్లీ వచ్చింది.

"మరి ఎందుకు అడగలేదు?"

"నువ్వే చెప్తావని. నువ్వేమో ఆ బనియను మడిచి డ్రాయర్లో దాచుకున్నావు." ఆమె చిక్కుడుకాయల గిన్నె పక్కకు జరిపింది. "నువ్వు మొనగాడివైనా కాకపోయినా నాకు ఒకటే, నీకు వండి పెట్టేది ఎలాగూ నేనే. కానీ ఆ పిల్లోడి తల్లి దిక్కుకి నేను చూడలేకపోతున్నా. రేపు వాడికేమన్నా అయితే ఆమె నన్ను అడుగుతుంది, నిన్ను కాదు."

అమోస్ బూట్లు వేసుకుని బయలుదేరాడు.

మగవాళ్ల ఫలహారానికి తొమ్మిదేళ్ల చరిత్ర ఉంది. మొదలుపెట్టినవాడు హోలోవే. హైస్కూల్లో ఫుట్‌బాల్ నేర్పి రిటైరయ్యాడు కాబట్టి అందరికీ కోచ్. గ్రిట్స్ అనే మొక్కజొన్న జావ, వేయించిన చేప, మెత్తటి బన్నుల్లాంటి బిస్కట్లు, కాఫీ. కడుపు నిండాక కుర్చీలు గుండ్రంగా వేసుకుని మాట్లాడుకుంటారు. బడిలో నల్లపిల్లల్నే ఎక్కువగా ఎందుకు ఇంటికి పంపేస్తున్నారు, ఫలానా బ్యాంకు ఫలానా వీధి దాటి ఎందుకు అప్పివ్వదు, మగపిల్లాడు ఏడిస్తే తండ్రికి ఎందుకంత కంగారు, ఇలాంటివి. తొలి రోజుల్లో ఇరవైమంది మగవాళ్లు ఇరవై రకాల ఉపన్యాసాలు దంచేవాళ్లు. విని విని విసిగిపోయిన కోచ్ ఒక రూలు పెట్టాడు. ఎవరికైనా సలహా చెప్పాలంటే ముందు తన బతుకులోంచి ఒక సంగతి సాక్ష్యంగా చెప్పాలి. సాక్ష్యం లేని సలహా చెల్లదు. ఆ దెబ్బకు సగంమంది నోళ్లు మూతపడ్డాయి, మిగతా సగంమంది నోళ్లలోంచి నిజాలు రావడం మొదలైంది.

ఈ తొమ్మిదేళ్లలో అమోస్ ఒక్కసారి కూడా ఆ కుర్చీల్లో కూర్చోలేదు. హాలు తలుపు దగ్గర, ఒక చెయ్యి వెనక పెట్టుకుని నిలబడేవాడు. మాటలు ఆడవాళ్లవి, పిల్లలవి, పాస్టర్లవి, మగాడికి పని చాలు అనేవాడు. ఆ ముక్క గొప్పగా కూడా చెప్పుకునేవాడు.

ఆ పూట కోచ్ గొంతు సవరించుకున్నాడు. "పాస్టరయ్యగారు ఒక మాట అడిగి రమ్మన్నారు. మెట్లమీద నిలబడేవాళ్లు ఇకనుంచి రెండు చేతులూ ముందు పెట్టుకుంటే ఎలా ఉంటుందని. ఆడవాళ్ల కూటంలో కూడా అదే అనుకున్నారట. మీరేమంటారు?"

హాలు ఒక్కసారిగా గోలెత్తింది. అందరికంటే పెద్ద గొంతు మంగలి లూషియస్‌ది. అమోస్‌తో కలిసి బళ్లో చదివినవాడు, ఊళ్లో సగం తలలు అతని చేతిలోవే.

"చేతులు ముందు పెట్టుకుంటే ఏంటి, నెత్తిమీద పెట్టుకుంటే ఏంటి?" అన్నాడు. "వాడి కంటికి ఆనేది చెయ్యి కాదయ్యా, చర్మం. నా సాక్ష్యం అడుగుతారేమో, ఇదిగో. మొన్న మార్చిలో నా సొంత షాపు తాళం నేను తీసుకుంటుంటే, షాపు నీదేనా అని అడిగాడొక పోలీసోడు. పైన బోర్డు మీద నా బొమ్మే ఉంది! బొమ్మలో జుట్టుంది, నీకు లేదన్నాడు."

అందరూ పగలబడి నవ్వారు. లూషియస్ బట్టతల తడుముకుని తనూ నవ్వాడు. నవ్వులు తగ్గుతుండగా క్వెంటిన్ లేచి నిలబడ్డాడు. ఆ నల్ల బనియనే వేసుకున్నాడు.

"నవ్వులాట కాదు కోచ్. చెయ్యి వెనక పెట్టుకోవడం మన తాతల్నాటి నుంచీ ఉంది. మన గుమ్మంలో మనం ఎలా నిలబడాలో కూడా వాళ్లే చెప్తారా? వాడెవడో భయపడతాడని మనం మారాలా? మారం." వాడి గొంతు ఖంగుమంది. "వాడు రేపు మళ్లీ వస్తాడు. రానీ. ఈసారి దిగితే దిగనీ. అమోస్ గారు కదల్లేదు, నేనూ కదల్ను. చెయ్యి ముందుకు రాదు. కాల్చుకుంటే కాల్చుకోనీ, మగాడిలా నిలబడే పోతా."

కుర్రాళ్లు బల్లలు చరిచారు. ఒకరిద్దరు పెద్దవాళ్లు కూడా "అదీ మాట" అన్నారు. అప్పుడు తలుపు దగ్గరనుంచి ఒక గొంతు వినిపించింది. ఎవరిదో పోల్చుకోవడానికి వాళ్లకు కాస్త సమయం పట్టింది, ఎందుకంటే ఆ గొంతు ఆ హాల్లో ఎన్నడూ వినలేదు.

"కూర్చో క్వెంటిన్. నువ్వలా చెయ్యడానికి వీల్లేదు."

అందరూ తిరిగి చూశారు. లూషియస్ ముందుగా తేరుకున్నాడు. "రూలు! రూలు!" అని అరిచాడు. "తొమ్మిదేళ్లకి నోరు తెరిచాడు చూడండి, తెరిచీ తెరవగానే సలహా! సాక్ష్యమేదిరా అమోసూ?"

"నిజమే అమోస్," కోచ్ నవ్వాడు. "పెద్దవాడివే, కాదన్ను. రూలు మాత్రం అందరికీ ఒకటే. ముందు నీదేదన్నా చెప్పు, తర్వాత వాడికి చెబుదువుగాని."

"ఆయన చెప్పక్కర్లేదు కోచ్," అన్నాడు క్వెంటిన్, బనియను మీది బొమ్మను వేలితో కొడుతూ. "ఆయన సాక్ష్యం ఇక్కడే రాసుంది."

మళ్లీ నవ్వులు. అమోస్ తలుపు వదిలి వచ్చాడు. ఖాళీగా ఉన్న ఇనప కుర్చీ ఒకటి లాక్కుని, క్వెంటిన్ కెదురుగా కూర్చున్నాడు. అతన్ని కూర్చుని ఉండగా చూడటం అక్కడ చాలామందికి అదే మొదలు. నవ్వులు వాటంతట అవే ఆగిపోయాయి. అమోస్‌కు ఒకటి మాత్రం స్పష్టంగా ఉంది. ఇప్పుడు చెప్పకపోతే రేపు ఈ కుర్రాడి రక్తం తన చేతికి అంటుకుంటుంది, ఆ మరక మోజెల్ నిమ్మరసంతో పోదు.

"ఆ బనియను మీదున్నది అబద్ధం," అన్నాడు. "నేను కదిలా."

బొమ్మను కొడుతున్న క్వెంటిన్ వేలు ఆగిపోయింది.

"వాడు లోపలికి పోతానన్నాడు. నేను చెయ్యెత్తా. అంతవరకు ఓలా బెల్ చెప్పింది నిజమే. రెండో చెయ్యి చూపించమని అరిచాడు. చూపించాలనే అనుకున్నా. కానీ చెయ్యి రాలేదు. నలభై ఒక్కేళ్లు అక్కడే ఉన్న చెయ్యి అది, ఉన్నట్టుండి రమ్మంటే రాదు. మొండితనం అనుకునేరు, కాదు. అలవాటు. వాడు అప్పుడు తుపాకీ తీశాడు."

"ఊఁ," అన్నాడు లూషియస్ మెల్లగా.

"తుపాకీ కొస కనపడగానే నా మోకాళ్లు వాటంతట అవే పడిపోయినయ్. నన్నెవరూ తొయ్యలేదు. మెట్ల పక్కన మన్నులో పడ్డా. రెండు చేతులూ నెత్తిమీద పెట్టమన్నాడు, పెట్టా. ఏమన్నానో కూడా చెప్తా వినండి. 'అయ్యా, కాల్చొద్దయ్యా' అన్నా. మూడుసార్లో నాలుగుసార్లో అన్నా. వాడికి మీసం కూడా సరిగా రాలేదు. నా మనవడు వాడికంటే పెద్దోడు. వాణ్ణి అయ్యా అన్నా."

అమోస్ గొంతు అక్కడ కొంచెం వణికింది. ఆపుకోలేదు, వణకనిచ్చాడు.

"లోపల మీ అందరి ఆమెన్లు వినపడుతూనే ఉన్నయ్. ఒక్క మనిషి తలుపు తీస్తే బాగుండు అనుకున్నా. తలుపెలా తీస్తారు? ప్రార్థనలో తియ్యకూడదని నేర్పింది నేనేగా. తర్వాత వాడి రేడియోలో ఏదో వచ్చింది. వాళ్లు వెతికేవాడు వేరే వీధిలో దొరికాడట. తుపాకీ లోపల పెట్టుకుని, మంచిది పెద్దాయనా, వస్తానని పోయాడు. నేను లేచి మన్ను దులుపుకున్నా. మరకలు మిగిలినా మీరెవరూ నా మోకాళ్లవైపు చూడలేదు. మళ్లీ చెయ్యి వెనక్కి పెట్టుకున్నా. మీరు బయటికొచ్చి చూసింది అదీ."

కోచ్ తల దించుకుని తన బూట్లకేసి చూస్తున్నాడు. క్వెంటిన్ ముఖం బిగుసుకుపోయింది.

"ఆరు వారాలు," అన్నాడు. "ఆరు వారాలు ఈ బనియన్లు వేసుకుని ఊరంతా తిరిగాం. మీరు చూస్తూ ఊరుకున్నారు."

"ఊరుకున్నా."

"ఎందుకు?"

"బాగుందనిపించి." అమోస్ దాచలేదు. "పుట్టిన దగ్గర్నుంచి ఈ ఊళ్లో ఎవడో ఒకడు నన్ను చిన్నచూపు చూస్తూనే ఉన్నాడు. అరవై తొమ్మిదేళ్లకి జనం మొనగాడంటే చేదుగా ఉంటుందా? మొన్నటిదాకా నాకు తియ్యగానే ఉంది. కిందటాదివారం నువ్వు ఆ కారుకి చెయ్యెత్తి నిలబడేసరికి ఆ తీపి పోయింది."

"అయితే నన్నేం చెయ్యమంటారు? మీలాగా మోకాళ్లమీద పడమంటారా?"

ఆ మాటకు ఒకరిద్దరు "రేయ్" అన్నారు. అమోస్ చేత్తో వాళ్లను ఆపాడు. కుర్రాడు అడిగినదాంట్లో తప్పేముంది?

"ఇప్పుడు నాకు సలహా చెప్పే హక్కొచ్చింది కదా కోచ్?" అన్నాడు.

"వచ్చింది," అన్నాడు కోచ్. "ఇంతవరకు ఇక్కడ ఎవడికీ ఇంత గట్టిగా రాలేదు."

"అయితే విను క్వెంటిన్. నువ్వు నిలబడతావో, మోకాళ్లమీద పడతావో, పరిగెత్తి పొదల్లో దూరతావో, అది నేను చెప్పను. భోజనం వేళకి మీ అమ్మ ముందు కూర్చోవాలి. అంతే. నేను పడ్డా కాబట్టి ఆ రోజు మోజెల్ వండిన కోడికూర తిన్నా. నిలబడే పోతానన్నావు చూడు, పోయినోడు నిలబడి పోయాడో పడి పోయాడో పెట్టెలో పెట్టాక ఒకటే. అందరూ పడుకునే ఉంటారు."

"అంటే వాడు గెలిచినట్టేనా?" అన్నాడు లూషియస్. అతని కళ్లు ఎర్రబడి ఉన్నాయి. "వాడు వచ్చి నిన్ను మన్నులో పడేసి, వస్తానని పోయాడు. మనం ఇంటికెళ్లి కోడికూర తింటాం. అంతేనా న్యాయం?"

"అంతే అని ఎవడన్నాడు?" అమోస్ అతనివైపు తిరిగాడు. "ఫిర్యాదు రాయించు, రాయించు అని మీరంతా మే నెలనుంచి నన్ను పోరుతున్నారు. నేనేమో క్షమించేశానన్నట్టు ముఖం పెట్టుకుని తిరిగా. క్షమాపణా లేదు, గాడిద గుడ్డూ లేదు. వెళ్తే ఏం జరిగిందో చెప్పాలి. కాగితమ్మీద మోకాళ్లు అని పడుతుంది. దానికి భయపడ్డా. తుపాకీకి భయపడ్డది ఒక్క నిమిషం. ఆ కాగితానికి ఆరు వారాలు భయపడ్డా. మీ అందరి ముందూ చెప్పేశాక ఇంకా కాగితానికి భయమేంటి? సోమవారం పొద్దున్నే పోతా."

తర్వాత లేచి నిలబడి, ద్వారపాలకుల పెద్దగా రెండు ముక్కలు చెప్పాడు. రేపటినుంచి మెట్లమీద ఎవడూ ఒంటరిగా ఉండడు, ఇద్దరు ఉంటారు. ప్రార్థన జరుగుతున్నా సరే, బయట కేక వినిపిస్తే లోపలివాళ్లు తలుపు తీయాలి. చేతులు ఎక్కడ పెట్టుకోవాలన్నది అయ్యగారు, ఆడవాళ్లు, కుర్రాళ్లు కూర్చుని తేల్చుకోవచ్చు, దానికి తొందర లేదు. ప్రార్థనలో తలుపు తియ్యమని అమోస్ నోటినుంచి విన్న కోచ్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"రేపు నువ్వు నా పక్కన నిలబడతావు," అని అమోస్ క్వెంటిన్‌తో అన్నాడు.

క్వెంటిన్ చేపముక్క ఉన్న పళ్లేన్ని అలాగే బల్లమీద వదిలేసి బయటికి వెళ్లిపోయాడు. ఆదివారం చర్చికి రాలేదు. పోలీసు కారు వచ్చింది, మెట్లమీద అమోస్‌నూ లూషియస్‌నూ చూసింది, ఆగకుండా పోయింది. లూషియస్‌కు ద్వారసేవలో ఓనమాలు రావు. గంటసేపు నిలబడి నడుం పట్టేసిందని సణిగాడు.

సోమవారం పొద్దున అమోస్ ఊరి ఆఫీసు భవనం దగ్గరికి వెళ్లేసరికి, క్వెంటిన్ గోదాము యూనిఫారంలో మెట్లదగ్గర నిలబడి ఉన్నాడు. ముఖంలో కోపం ఇంకా పోలేదు.

"మీకోసం రాలేదు," అన్నాడు. "ఏం చెప్తారో విందామని వచ్చా."

"విను. అందుకేగా చెప్పేది," అన్నాడు అమోస్.

ఫిర్యాదులు తీసుకునే గదిలో ఒక తెల్లామె ఉంది. యాభై ఏళ్లుంటాయి, మెడలో గొలుసుకు వేలాడే కళ్లజోడు, మర్యాదైన మనిషే. తేదీ, వేళ, చోటు రాసుకుంది. అమోస్ చెప్పుకుంటూ పోయాడు. శనివారం చెప్పినట్టు గొంతు వణకలేదు. ఒకసారి మోసిన బరువే కదా, ఎక్కడ పట్టుకోవాలో ఇప్పుడు తెలుసు. మోకాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఆమె టైపు చెయ్యడం ఆపింది.

"ఇక్కడ 'అధికారి సూచనలు పాటించారు' అని వేస్తానండీ. మామూలుగా అలాగే రాస్తాం. మీకూ గౌరవంగా ఉంటుంది."

"వద్దమ్మా. మోకాళ్లమీద పడ్డానని రాయండి. కాల్చొద్దయ్యా అన్నానని కూడా రాయండి."

"ఇది అందరికీ అందుబాటులో ఉండే కాగితమండీ." ఆమె నిజంగానే అతని మంచి కోరి చెబుతోంది. "పేపరువాళ్లు అడిగితే ఇవ్వాలి. మీ పేరుతో ఉంటుంది. ఊళ్లో అందరూ చదువుతారు."

"చదవాలనేనమ్మా. పడ్డది నేను, పడేసింది మీ మనిషి. నా వంతు సిగ్గు మొన్న శనివారం నేను తీర్చేసుకున్నా. మిగిలింది మీది. దాన్ని మీ మాటలతో కప్పెట్టొద్దు."

ఆమె ముఖం కాస్త ఎర్రబడింది. టైపు చేసింది.

"వయసు వెయ్యండి," అన్నాడు క్వెంటిన్ గోడ దగ్గరనుంచి. అంతసేపటికి అతను నోరు విప్పడం అదే. "ఆయనది అరవై తొమ్మిదని వెయ్యండి. ఆ పోలీసుది ఎంతో అది కూడా వెయ్యండి."

ఆమె ఇంకో కాగితం తిరగేసి, ఇరవై మూడు అని వేసింది. అన్నీ అయ్యాక, సంతకం పెట్టేముందు ఒకసారి చదివి వినిపించడం పద్ధతని చెప్పి, కళ్లజోడు పెట్టుకుని చదవడం మొదలుపెట్టింది. తేదీ గట్టిగానే చదివింది, చర్చి పేరు గట్టిగానే చదివింది. మోకాళ్లమీద అన్నచోటికి వచ్చేసరికి ఆమె గొంతు బాగా దిగిపోయి, పెదవులు మాత్రం కదిలాయి.

క్వెంటిన్ గోడ వదిలి ముందుకు వచ్చాడు. వచ్చి అమోస్ పక్కన, భుజం తగిలేంత దగ్గరగా నిలబడ్డాడు.

"వినపడలేదు," అన్నాడు. "అక్కణ్ణుంచి మళ్లీ చదవండి. గట్టిగా."